ఊగే గది ఉందా బాబూ?

సన్యాసమ్మ ఇంట్లో నలుగురు. ఆ నలుగురి తెలివీ జిల్లా అంతటికీ పంచినా ఇంకా మిగులుతుందని ఆ నలుగురి నమ్మకం. జిల్లా నమ్మకం ఏమిటో వాళ్ళెప్పుడూ అడగలేదు. కరెంటు పోతే, ఉన్న కాస్త వెలుతురూ బయటికి పోకుండా తలుపులు మూసుకునే తెలివి మరి! సన్యాసమ్మ, ఆవిడ తమ్ముడు అప్పలస్వామి, కొడుకు పైడయ్య, కోడలు నూకాలు. ఒకరు తప్పు చేస్తే మిగతా ముగ్గురూ మెచ్చుకుంటారు. అంత ఐకమత్యం తెలివైనవాళ్ళ కొంపల్లో మీకు కనపడదు.

సన్యాసమ్మకి ఒకటే దిగులు. తోడికోడలు బోడమ్మ ఎప్పుడో ఓడ మీద అండమాను వెళ్ళొచ్చింది. ఆనాటి నుంచీ పెళ్ళిలో అయినా పేరంటంలో అయినా సన్యాసమ్మ నోరు తెరిస్తే చాలు, "ఓడెక్కని మనిషివి, నీకేటి తెలుసు లేవే" అనేది. పులుసులో ఉప్పెక్కువైందన్నా అదే జవాబు. ఇరవై రెండేళ్ళుగా అదే జవాబు.

అలాంటిది, విజయనగరంలో ఓ బట్టల కొట్టువాళ్ళు తీసిన లక్కీ డ్రాలో నూకాలు కొన్న జాకెట్టు గుడ్డకి నలుగురికీ ఓడ టిక్కెట్లు తగిలాయి. విశాఖపట్నంలో ఎక్కడం, రెండు రోజులు సముద్రంలో తిరగడం, మళ్ళీ అక్కడే దిగడం. తేదీ మారదు. ఆ ఓడ తప్పితే ఇంకో ఓడ లేదు. బోడమ్మ నోరు మూయించడానికి దేవుడిచ్చిన ఒకే ఒక్క అవకాశం!

ఊళ్ళో ఆసుపత్రి నర్సమ్మ వరహాలు జాలిపడి ఓ మంచిమాట చెప్పింది. "ముందు రోజే వెళ్ళి రేవు దగ్గర లాడ్జిలో దిగండి. ఓడ ఊగుతుంది, అలవాటు లేనివాళ్ళకి కడుపులో తిప్పుతుంది. కాస్త అలవాటు పడి ఎక్కండి."

అప్పలస్వామి వేళ్ళు మడిచి ఆలోచించాడు. "అప్పా, లాడ్జిలో దిగమంది. అలవాటు పడమంది. పడాల్సిన అలవాటేమో ఊగడం. అంటే ఏటన్నమాట? లాడ్జి ఊగాలన్నమాట!"

"అదీ బుర్రంటే!" అంది సన్యాసమ్మ. ఇంకేముంది, తెల్లారేసరికి నలుగురూ విశాఖపట్నం బస్సెక్కేశారు.

రేవు దగ్గర మొదటి లాడ్జి. మేనేజరు బొట్టు పెట్టుకుని, చేతులు కట్టుకుని, మర్యాదగానే ఉన్నాడు పాపం.

"ఊగే గది ఉందా బాబూ?" అంది సన్యాసమ్మ.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఊగడమేంటమ్మా! ఇది రాయిలాంటి బిల్డింగు. అంత పెద్ద తుఫాను వస్తేనే ఇంచు కూడా కదల్లేదు."

"తుఫానుకే కదలందా! ఇంక మా నలుగురికేం కదుల్తాది? పదండ్రా."

"ఏసీ ఉంది, వేడినీళ్ళున్నాయి, కిటికీలోంచి సముద్రం..."

"అన్నీ ఉన్నాయి గానీ అసలుది లేదు" అని నూకాలు అతని మొహం మీదే అనేసి వచ్చింది.

రెండో లాడ్జిలో గోడలు పెచ్చులూడాయి, మంచం కోళ్ళు ఎత్తుపల్లాలు, పైన ఫ్యాను ఒకటే ఊపు. నలుగురికీ ప్రాణం లేచొచ్చింది. పైడయ్య నేలమీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పరీక్షించాడు.

"అమ్మా, ఫ్యాను ఊగుతోంది, మంచం ఊగుతోంది. గది మాత్రం ఊగట్లేదు."

"పోనీ మనమే ఊగుదామా?" అన్నాడు అప్పలస్వామి.

సన్యాసమ్మకి ఒళ్ళు మండిపోయింది. "అద్దె మనమే ఇచ్చి, ఊగడం కూడా మనమేనా? అయితే వాళ్ళు చేసేదేటి?"

అంతే, అక్కణ్ణుంచీ లేచారు.

మూడో లాడ్జి మేనేజరుకి వీళ్ళ ప్రశ్నలు వినీ వినీ తల పని చెయ్యట్లేదు, ఏ ప్రశ్నకైనా "ఉంది, ఉంది" అంటున్నాడు. తాళంచెవి చేతిలో పెట్టి, "మీ గది పైన, నాలుగో అంతస్తు. దీంట్లోకి ఎక్కండి" అని లిఫ్టు తలుపు తీశాడు. నలుగురూ ఎక్కారు. తలుపు మూసుకుంది. ఆ లిఫ్టు ముసలిది. ఓ జెర్కు ఇచ్చి, మూలిగి, అటూ ఇటూ ఊగి పైకి లేచింది.

"ఓలమ్మ!" అంది సన్యాసమ్మ గోడ పట్టుకుని. "ఇదేరా!"

"గది చిన్నది" అన్నాడు పైడయ్య.

"చిన్నదైతేనేం, గుణం చూడు!"

ఇంకేముంది, చాప పరిచేశారు. నూకాలు తడితువ్వాలు మూలకి కట్టేసింది. అప్పలస్వామి చెప్పులు విప్పి ఓ పక్కన పెట్టి, పులిహోర పొట్లం విప్పాడు. కాసేపటికి తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎదురుగా ఓ పెద్దమనిషి బ్రీఫుకేసుతో నిలబడ్డాడు, తెల్లబోయి.

"రండి బాబూ, కూర్చోండి" అంది సన్యాసమ్మ. "చెప్పులు బయట."

అతను విప్పాడు! లిఫ్టు కిందికి దిగాక చెప్పులు పైనే ఉండిపోయాయని తెలిసి లబలబలాడాడు, అది వేరే సంగతి. ఇంకోసారి తెరుచుకుంటే పెళ్ళివారు. మరోసారి బక్కెట్టూ చీపురుతో తుడిచే ఆవిడ.

"అత్తా, ఈ ఊరివాళ్ళకి బంధుప్రీతి ఎక్కువ. ఒక్క నిమిషం ఊరుకోకుండా వస్తున్నారు" అంది నూకాలు.

"రావడానికేం, చేతిలో ఒక్క అరటిపండైనా లేదు" అంది సన్యాసమ్మ.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఇది గది కాదు, లిఫ్టు! మీ గది వేరే ఉంది!"

"అది ఊగుతాదా?"

"ఊగదు!"

"మరైతే దాన్ని ఊగనివాళ్ళకి ఇచ్చుకో."

అరిచాడు, మొత్తుకున్నాడు. చివరికి చీకటిపడగానే లిఫ్టు ఆపేసి ఇంటికి పోయాడు. "లంగరేశారు, ఇంక పడుకోండి" అంది సన్యాసమ్మ.

మర్నాడు రేవుకి టైముకే చేరారు. ఎంత ఓడ! వీధికి వీధి లేచి నీళ్ళ మీద నిలబడ్డట్టుంది. ఓడకి ఆనించిన చక్రాల మెట్లెక్కి లోపలికి వెళ్ళారు. తెల్లబట్టల అమ్మాయి నవ్వుతూ వాళ్ళ గది చూపించింది. సన్యాసమ్మ గ్లాసు నిండా నీళ్ళు పోసి బల్ల మీద పెట్టింది. నలుగురూ వంగి చూశారు. చుక్క తొణకలేదు.

"అమ్మాయ్, ఇది ఊగదా?"

"అస్సలు తెలీదండీ! చాలా పెద్ద ఓడ కదా, నేలమీద ఉన్నట్టే ఉంటుంది."

"నేలమీద ఉన్నట్టే ఉండేదానికి నేలమీద ఉంటే సరిపోదా!"

అప్పలస్వామి గుసగుసగా అన్నాడు. "అప్పా, మోసం. ఇది నిన్నటి రాయి లాడ్జే. తెల్లరంగేసి నిలబెట్టారు. దీంట్లో పడుకుంటే బోడమ్మ ఊరుకుంటాదా?"

ఆ మాట సన్యాసమ్మ గుండెల్లో గునపంలా దిగింది. ఇరవై రెండేళ్ళు పడ్డ మాటలు, తీరా ఓడెక్కబోయి లాడ్జెక్కిందని ఇంకో ఇరవై రెండేళ్ళు పడాలా? మూటలు చంకనెట్టుకుని నలుగురూ గబగబా బయటికొచ్చారు. మెట్ల మధ్యకొచ్చేసరికి ఆ ఇనప మెట్లు గాలికి కిర్రుమని ఊగాయి.

"ఇదీ ఓడ!" అని సన్యాసమ్మ అక్కడే చతికిలబడింది. మిగతా ముగ్గురూ వెనకే.

ఓడవాళ్ళు బతిమాలారు, బెదిరించారు, టైమైపోతోందని వాచీలు చూపించారు. "మీ లాడ్జి మాకొద్దు" అంటుంది సన్యాసమ్మ. చివరికి విసిగిపోయి, నలుగురూ కూర్చునుండగానే మెట్లని చక్రాల మీద వెనక్కి తోసేశారు. మెట్లు ఊగుతూ కదిలాయి.

"బయల్దేరిందిరోయ్!" అని కేకేశాడు పైడయ్య.

పెద్ద ఓడ కూత వేసి, మెల్లగా వాళ్ళకి దూరమైంది. చూస్తూ చూస్తూ చిన్నదైంది.

"చూశావే నూకాలూ, ఆ లాడ్జి ఎంత వెనకబడిపోయిందో!" సన్యాసమ్మ సముద్రం వైపే చూస్తూ కళ్ళు తుడుచుకుంది. "చాలా దూరం వచ్చేశాం. ఒక్క తీరం కనపడదు."

అంతలో రేవు కాపలాదారు కర్ర పట్టుకుని మెట్ల కిందికి వచ్చాడు. "ఏయ్, ఎవరు మీరు? దిగండి కిందికి!"

నలుగురూ కిందికి చూశారు. వాళ్ళ లెక్కన నడిసముద్రం. మనిషి. నిలువునా నిలబడి ఉన్నాడు, కాలికున్న బూటు కూడా తడవకుండా.

సన్యాసమ్మ చేతులు జోడించింది. "స్వామీ, మమ్మల్ని చూడ్డానికి నీళ్ళ మీద నడిచొచ్చావా! ఎప్పుడో ఓడెక్కింది గదా, ఆ బోడమ్మకి ఒక్కసారైనా కనపడ్డావా?"

"బోడమ్మ ఎవరమ్మా? నాకు తెలీదు!"

"విన్నారా!" అని నూకాలునీ పైడయ్యనీ తమ్ముణ్ణీ చూసింది సన్యాసమ్మ, మొహం వెయ్యి దీపాలై. "దేవుడే తెలీదంటున్నాడు. అది ఓడెక్కనే లేదు!"