ఎలుగుబంటి ఎంగిలి చేసిన బొమ్మ

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక బజారు ఉండేది. అడవిలో బజారేమిటని నవ్వకండి. జంతువుల ఇళ్ళలో మాత్రం సరుకులు నిండుకోవా?

ఆ బజారులో గుబురయ్య అనే ఎలుగుబంటి తేనె అమ్మేవాడు. పక్క కొట్లో సూదెమ్మ అనే ముళ్ళపంది చాపలు అల్లి అమ్మేది. ఎదురుగా నింపాదయ్య అనే తాబేలు కుండలు పెట్టుకున్నాడు. అతని పక్కన పింఛాల్రావు అనే నెమలి పూలకొట్టు. పింఛాల్రావు పూలు అమ్మిన దానికన్నా అద్దం చూసుకున్నదే ఎక్కువనుకోండి.

వాగు మీద అడ్డంగా ఒక మద్దిమాను ఉండేది. అవతలి ఒడ్డు జంతువులన్నీ దాని మీద నడిచి బజారుకి వచ్చేవి. ఒక ఏడు పెద్ద వరద వచ్చి ఆ మాను కొట్టుకుపోయింది. ఇవతలి ఒడ్డునే ఇంకో మాను కూలి పడి ఉంది. దాన్ని దొర్లించి అడ్డంగా వేస్తే సరిపోతుంది. కానీ ఎవరు వేస్తారు? "బలమున్నవాడు గుబురయ్య, వాడు వెయ్యకూడదా?" అనుకున్నాడు నింపాదయ్య. "నా పింఛం మాసిపోతుంది" అన్నాడు పింఛాల్రావు. "అందరికీ పట్టని బాధ నాకొక్కడికేనా?" అనుకున్నాడు గుబురయ్య. మాను అక్కడే పడి ఉంది. దాని మీద పుట్టగొడుగులు కూడా మొలిచాయి.

అవతలివాళ్ళు రావడం మానేశారు. ఒక్కో కొట్టూ మూతపడింది. చివరికి గుబురయ్య తేనెకొట్టూ, పక్కన సూదెమ్మ చాపలకొట్టూ మాత్రమే మిగిలాయి. తేనెకొట్టు గుబురయ్య వాళ్ళమ్మ పెట్టింది. ఆ గుమ్మంలోనే అతను నడక నేర్చుకున్నాడు. కానీ బేరాలు లేకపోతే కొట్టు ఎలా నడుస్తుంది? వానలు మొదలయ్యేలోగా బేరాలు రాకపోతే కొట్టు మూసేసి నల్లగుట్టకి పోవాలి. అక్కడ బావమరిది గుహలో సర్దుకోవాలి. ఆ బావమరిది గురకకి గబ్బిలాలే కాపురం ఎత్తేశాయి. తలుచుకుంటేనే గుబురయ్యకి ఏడుపొచ్చేది.

పోనీ పక్కనున్న సూదెమ్మతో కష్టం చెప్పుకుందామా అంటే, ఇద్దరికీ మాటల్లేవు. ఒకప్పుడు ఆవిడ అతన్ని నోరారా 'అన్నయ్యా' అని పిలిచేది. ఒకరోజు తేనె వాసన చూడ్డానికి వంగింది. ఆవిడ ముళ్ళు గుచ్చుకుని తేనెతిత్తి చిల్లులు పడింది. "ముళ్ళకంపా!" అన్నాడు గుబురయ్య. "బొచ్చుమూటా!" అంది సూదెమ్మ. అంతే.

అయినా పక్కపక్క కొట్లు కదా, ఏదో ఒకటి చెప్పుకోక తప్పదు. అందుకని రెండు కొట్ల మధ్యనున్న గుంజతో మాట్లాడేవాళ్ళు.

"గుంజా, గుంజా! ఆవిడ గడ్డి నా గుమ్మంలోకి ఎగిరొస్తోందని చెప్పు" అనేవాడు గుబురయ్య.

"గుంజా, గుంజా! ఆ గాలి నా మాట వినదని చెప్పు" అనేది సూదెమ్మ.

ఇద్దరూ ఎదురెదురుగానే నిలబడి ఉండేవాళ్ళు. పాపం, ఆ గుంజ ఎన్ని తిట్లు మోసిందో.

ఒకరోజు పొద్దున టక్కమ్మ అనే వడ్రంగిపిట్ట గుబురయ్య కొట్టు మీద వాలింది.

"గుబురయ్య మామా, నీ కొట్టు వెనక మీ అమ్మ తేనె నిలవ చేసిన పెద్ద గది ఖాళీగా ఉంది కదా. తాళం తీస్తావా?"

"ఎందుకు?"

"నాలుగు గోడలూ బూజు పట్టి ఏడుస్తున్నాయి. అందరం కలిసి బొమ్మలు వేద్దాం."

"బొమ్మలు వేస్తే కడుపు నిండుతుందా?"

"నిండదు. కానీ చూడ్డానికి నలుగురూ వస్తారు. వచ్చిన నలుగురిలో ఇద్దరికి తేనె గుర్తొస్తుంది."

ఆ చివరి మాట గుబురయ్యకి బాగా నచ్చింది. తాళం తీశాడు.

టక్కమ్మ ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచింది. ఎర్రమన్ను వచ్చింది, సుద్ద వచ్చింది, బొగ్గు వచ్చింది, మోదుగపూల రంగు వచ్చింది, ఆకుపసరు వచ్చింది. అందరూ కుంచెలు పట్టుకుని గోడల మీద పడ్డారు. ఏం వేశారనుకున్నారు? ఎవరి బొమ్మ వాళ్ళే వేసుకున్నారు!

పింఛాల్రావు బొమ్మ ఒక గోడ మీద మొదలై, మూల తిరిగి, రెండో గోడ సగం దాకా పాకింది. అప్పటికి ఒక రెక్కే అయింది. గుబురయ్య తన బొమ్మ ఎంత వేశాడంటే పొట్ట ఒక్కటే గోడకి పట్టింది, తల పట్టలేదు. నింపాదయ్య నిదానంగా ఒక కాలు వేసి వెనక్కి తిరిగేసరికి దాని మీద నెమలి ఈక వచ్చి కూర్చుంది.

"నా కాలు ఏమైంది?" అన్నాడు నింపాదయ్య.

"నా ఈక కింద చల్లగా ఉందిలే" అన్నాడు పింఛాల్రావు.

తర్వాత ఏం జరిగిందో చెప్పాలా? రంగులు గోడ మీదకన్నా ఒకరి మీద ఒకరికే ఎక్కువ పడ్డాయి. సూదెమ్మ ముళ్ళ మీద పచ్చరంగు పడింది. "గుంజా! ఇది ఎవరి పనో నాకు తెలుసని చెప్పు" అంది. గుంజ వీధిలో ఉంది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది!

టక్కమ్మ ఓపిక పట్టి పట్టి, చివరికి తలుపు మీద ముక్కుతో టకటకా కొట్టింది.

"చాలు! గోడలన్నిటికీ మళ్ళీ సున్నం వేయండి. ఇక మీదట ఎవరి బొమ్మ వాళ్ళు వేయకూడదు. పక్క కొట్టువాళ్ళ బొమ్మ వెయ్యాలి. తలా ఒక గోడ. అయ్యేదాకా ముందు చాప కట్టుకోండి. ఒకరిది ఒకరు చూడకూడదు."

గుబురయ్య కుంచె కింద పెట్టేశాడు. పక్క కొట్టంటే సూదెమ్మ! "నేను వేయను" అనబోయాడు. ఇంతలో బావమరిది గురక గుర్తొచ్చింది. నోరు మూసుకుని కుంచె పట్టుకున్నాడు.

మొదట, గుర్తున్నంత మటుకు వేశాడు. కుప్పగా ముళ్ళు వేసి, మధ్యలో రెండు కోపపు కళ్ళు పెట్టాడు. టక్కమ్మ వచ్చి చూసింది.

"మామా, ఇది సూదెమ్మ అత్తా? తుమ్మకంపా?"

"నాకు ఆవిడ ఇలాగే గుర్తుంది."

"అయితే వెళ్ళి చూసి రా."

గుబురయ్య గుంజ చాటున నిలబడి తొంగి చూశాడు. అంత పెద్ద ఎలుగుబంటి, అంత సన్న గుంజ! రెండు పక్కలా ఒళ్ళంతా కనిపిస్తూనే ఉంది.

"గుంజా, గుంజా! ఆయన ఎందుకు చూస్తున్నాడో అడుగు" అంది సూదెమ్మ.

"గుంజా, గుంజా! బొమ్మ కోసమని చెప్పు."

సూదెమ్మ ఒళ్ళు సర్దుకుని కూర్చుంది. తర్వాత చిన్నగా అంది. "అయితే ఎడమ పక్కనుంచి చూడమని చెప్పు. కుడి పక్క ముళ్ళు రాలిపోయాయి."

గుబురయ్య అప్పుడు చూశాడు. నిజమే, సగం ముళ్ళు లేవు. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి అతను గమనించనే లేదు. ఆవిడ ముందరికాలు కొంచెం ఈడుస్తోంది. కొనేవాళ్ళు లేకపోయినా చాప అల్లుతూనే ఉంది. అల్లిన చాపలు కొట్టు నిండా దొంతరలుగా ఉన్నాయి. గుబురయ్యకి మనసు అదోలా అయింది. ముళ్ళకంప అన్నందుకు మొదటిసారి సిగ్గుపడ్డాడు.

ఈసారి శ్రద్ధగా వేశాడు. కానీ అతని కుంచె చీపురుకట్టంత లావు. ముల్లు వేస్తే రోకలిలా వచ్చింది. మళ్ళీ గుంజ దగ్గరికి వెళ్ళాడు.

"గుంజా, గుంజా! సన్నటి కుంచె ఏదైనా దొరుకుతుందేమో అడుగు."

జవాబు రాలేదు. గుబురయ్య తిరిగి వెళ్ళిపోబోయాడు. చూస్తే గుంజ మొదట్లో ఒక పొడుగాటి ముల్లు ఉంది. సూదెమ్మ ఎడమ పక్క ముల్లు, మంచిది.

గుబురయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. అంత మంచి ముల్లు ఇచ్చింది, బొమ్మ కూడా అంత మంచిగా ఉండాలనుకున్నాడు. "ఏదైనా మంచిది కావాలంటే తేనె కలపాలి" అని వాళ్ళమ్మ చెప్పేది. ఆవిడ చెప్పింది కషాయం గురించి. గుబురయ్య రంగులో కలిపాడు. ఒక ముంత కాదు, రెండు ముంతలు.

అబ్బ, బొమ్మ ఎంత బాగా వచ్చిందో! నిగనిగా మెరిసింది. ముక్కు మరీ ముద్దుగా వచ్చింది. దానికి రంగు రెండు పూతలు వేశాడు.

బొమ్మలు చూపించే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి ఇళ్ళకి వెళ్ళారు. గుబురయ్య ఒక్కడే బొమ్మ దగ్గర కాపలా కూర్చున్నాడు. ఎండకి గోడ వేడెక్కింది. తేనె కమ్మటి వాసన వేసింది. పిల్లికి పాలు కాపలా పెట్టినట్టయింది.

"ముక్కు చివర కాస్త ఎక్కువైంది. సరిచేస్తాను" అనుకుని నాలుకతో ఒక్కసారి నాకాడు. ఇప్పుడు ముక్కు వంకరైంది. వంకర తీయడానికి ఇంకోసారి నాకాడు. అలా సరిచేస్తూ, సరిచేస్తూ ఉంటే ముక్కు పోయింది, ఒక చెవి పోయింది. ఈడ్చే కాలు దగ్గరికి వచ్చేసరికి గుబురయ్యకి ఒళ్ళు తెలిసింది.

"అయ్యో! ఏం చేశాను నేను!"

మళ్ళీ వేయడానికి రంగు లేదు. బయట అడుగుల చప్పుడు వినిపిస్తోంది. కంగారుగా చాప దించేశాడు. చాప కింద బారులు బారులుగా చీమలు వచ్చి ఉన్నాయి. "చీమలు తినేశాయని చెప్తే సరి" అనుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం అడవంతా అక్కడే ఉంది. వాగు అవతల జింకలు, కుందేళ్ళు కూడా ఒడ్డున బారులు తీరి మెడలు సాచి చూస్తున్నాయి.

నింపాదయ్య ముందు చాప ఎత్తాడు. గోడ మీద ఒకే ఒక్క నెమలి ఈక ఉంది. "మిగతాది వచ్చే ఏటికి అవుతుంది" అన్నాడు. కానీ ఆ ఒక్క ఈక ఎంత అందంగా ఉందంటే, పింఛాల్రావు జన్మలో మొదటిసారి నోరు మెదపలేదు. పింఛాల్రావు తాబేలు బొమ్మ వేశాడు. డిప్ప మీద ఉన్న గళ్ళన్నీ దిద్ది దిద్ది వేశాడు. "ఇన్నాళ్ళూ వీడికి రంగే లేదనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎన్ని వన్నెలో!" అన్నాడు. నింపాదయ్య మెడ డిప్పలోకి లాగేసుకున్నాడు. సిగ్గు.

తర్వాత సూదెమ్మ చాప ఎత్తింది.

గోడ మీద గుబురయ్య ఉన్నాడు. కొట్టు గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని, వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. రోజూ పొద్దువాలేవేళ అతను అలాగే నిలబడతాడు, ఎవరైనా వస్తారేమోనని. ఆ సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. బొమ్మలో ఆ కళ్ళు కూడా అచ్చం అతనివే. తిట్టుకునే ఆవిడ తనను ఇంత కనిపెట్టి చూస్తోందని అతనికి తెలియదు.

"మామా, ఇక నీ వంతు" అంది టక్కమ్మ.

గుబురయ్య చాప ఎత్తాడు. అందరూ 'ఆహా' అన్నారు, తర్వాత 'అయ్యో' అన్నారు.

"ముక్కేది?" అన్నాడు పింఛాల్రావు.

చీమల మాట గుబురయ్య నాలుక చివరి దాకా వచ్చింది. కానీ సూదెమ్మ వేసిన బొమ్మ చూశాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నోరు తెరిచి, అదే నాలుక బయటికి చాపాడు. బొగ్గుతో నల్లగా ఉంది. తర్వాత గుంజ వైపు కాకుండా, తిన్నగా సూదెమ్మ వైపు తిరిగాడు.

"సూదెమ్మా! నీ ముక్కు నేనే తిన్నాను. చెవి కూడా. రంగులో తేనె కలిపాను. తట్టుకోలేకపోయాను. ఆ రోజు ముళ్ళకంప అన్నందుకు కూడా నన్ను క్షమించు."

సూదెమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. గుబురయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంతలో ఆ ముళ్ళన్నీ గలగలమన్నాయి. ఆవిడ నవ్వుతోంది!

"రుచిగా ఉందా అన్నయ్యా?" అంది.

ఆ 'అన్నయ్యా' విని గుబురయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "కొంచెం బొగ్గు వాసన వచ్చింది" అన్నాడు ఏడుస్తూనే. అందరూ పడీపడీ నవ్వారు.

"నేను ఎదురుచూస్తానని నీకెలా తెలుసమ్మా?"

"నేనూ అటే చూస్తుంటాను కదా. నువ్వు అడ్డంగా నిలబడితే కనపడక చస్తావా?"

ఆ నవ్వులకి వాగు అవతల జింకలు ఉండబట్టలేకపోయాయి. "మేమూ చూస్తాం! ఆ మాను వేయండర్రా!" అని అరిచాయి.

ఈసారి ఎవరు వేస్తారని ఎవరూ అడగలేదు. సూదెమ్మ చాపల తుంగతో మోకు పేనింది. నింపాదయ్య నీళ్ళలో దిగి లోతు చూశాడు. గుబురయ్య బరువు వైపు భుజం పెట్టాడు. పింఛాల్రావు "ఐలేసా" అని అరిచాడు. అతను చేసింది అంతే, కానీ గట్టిగానే అరిచాడు. మాను దొర్లి వాగుకి అడ్డంగా పడింది. ఇన్నాళ్ళ పని ఒక్క పూటలో అయిపోయింది.

అవతలివాళ్ళు బిలబిలమంటూ వచ్చారు. బొమ్మలు చూశారు. ఇద్దరికి కాదు, అందరికీ తేనె గుర్తొచ్చింది. వానలు మొదలయ్యేసరికి బజారులో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. గుబురయ్య నల్లగుట్టకి వెళ్ళలేదు. బావమరిది గురక బావమరిదికే మిగిలింది. సూదెమ్మ ముక్కు మళ్ళీ వేశాడు, తేనె లేకుండా.

పాపం గుంజకే పని పోయింది. ఇన్నేళ్ళూ ఇద్దరి మాటలూ ఓపిగ్గా విన్నది కదా అని, టక్కమ్మ దాని మీద ముచ్చటగా రెండు చెవులు చెక్కింది.

నీతి: పొరుగువారిని తిట్టేముందు ఒక్కసారి తేరిపార చూడాలి, చూస్తే సగం పగ తీరుతుంది, కలిసి ఒక పని పడితే మిగతా సగం తీరుతుంది.