గంగులు ప్రాణం మీద జంబన్న పాలసీ

కొండ కింద అడవిలో జంబన్న అనే నక్క గింజల బ్యాంకు నడిపేవాడు. ఉడతలూ చిలకలూ కుందేళ్ళూ వానాకాలానికని దాచుకునే గింజలన్నీ అతని గాదెలోకే చేరేవి. బస్తాలు మోసేవి గాడిదలు. వాటిలో గంగులు ఒకడు, నోట్లో నాలుక లేనివాడు.

ముసురు పట్టిన ఒక పొద్దున "దారి జారుడుగా ఉందయ్యా, బస్తా రేపు దింపుతా" అన్నాడు గంగులు. "తిన్న తిండి అరగొద్దూ?" అని తోలాడు జంబన్న. గంగులు బస్తాతో సహా లోయలో పడి చచ్చిపోయాడు.

ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన అతని భార్య పోలమ్మ, ఓ రోజు బ్యాంకు ముందు బండెడు జొన్నలు దిగుతుంటే చూసింది. దింపుతున్నది బీమా వ్యాపారం చేసే ఎలుగుబంటి భల్లయ్య.

"ఏమిటయ్యా ఇవి?"

"గంగులు బీమా సొమ్మమ్మా. అతను పోయినందుకు వచ్చింది."

పిల్లకు పాలు చాలని రోజులవి. పోలమ్మ ఆశగా లోపలికి పోయింది.

జంబన్న నిట్టూర్చాడు. "గంగులులాంటి పనివాడు మళ్ళీ పుడతాడా! ఇదిగో, ఈ గడ్డిమోపు పట్టుకెళ్ళు."

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా, అనుకుంది పోలమ్మ. "గడ్డి కాదయ్యా. మా ఆయన బీమా జొన్నలు."

"మీ ఆయనవా? పాలసీ బ్యాంకుది. ప్రీమియం కట్టింది బ్యాంకు. ప్రాణం ఒక్కటే మీ ఆయనది. కాగితం మీద డెక్క ముద్ర వేసిచ్చాడుగా!"

"ఎందుకో చెప్పి వేయించుకున్నావా?"

"అడిగితే చెప్పేవాణ్ణి. మిగతా గాడిదలన్నిటి మీదా ఉన్నాయి పాలసీలు. చస్తే బస్తాలొస్తాయి, బతికుంటే కట్టినదాని విలువ ఏటేటా పెరుగుతుంది. నా బ్యాంకు ఆస్తిలో సగం అదే!"

పోలమ్మ ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగి ఒక్క తన్ను తంతే పళ్ళు రాలేవి. కానీ ఆ ఆఖరి మాట ఆమెను ఆపింది. గడ్డిమోపు ముట్టకుండా బయటికొచ్చింది.

గింజలు దాచుకున్నవాళ్ళంతా కూడే రోజున ఆమె వినయంగా లేచింది. "జంబన్న దొరా, మన గాదె ఎంత నిండుగా ఉందో అందరికీ చెప్పండి."

పొగిడితే పొంగిపోయే జంబన్న "అంచు దాకా!" అన్నాడు.

"తలుపు తీసి చూపండి మరి."

తీయక తప్పలేదు. గాదె సగం ఖాళీ.

"మిగతా సగం ఏదీ?" అంది ముసలి ఉడత.

"భల్లయ్య దగ్గర భద్రంగా ఉంది. గాడిదల పాలసీల విలువ."

"విన్నారా!" పోలమ్మ గొంతుకు అడవి మోగిపోయింది. "మీ గింజలు తీసుకెళ్ళి మా చావుల మీద పెట్టాడు! గంగులు పోతే వీడికి బండెడు జొన్నలొచ్చాయి. రేపు మీకు ఆకలేస్తే మాలో ఎంతమంది చావాలి?"

"మా గింజలు మాకిచ్చెయ్!" అని అంతా మీదపడ్డారు. జంబన్న భల్లయ్య దగ్గరికి పరిగెత్తాడు. "పాలసీలన్నీ రద్దు చెయ్, విలువ ఇచ్చెయ్!"

"ముందే తెంచుకుంటే కోత ఉంటుంది. పాలసీ కాగితం చదవలేదా?" అన్నాడు భల్లయ్య.

కోత పోగా వచ్చినవి చాలలేదు. లోటు పూడ్చడానికి జంబన్న తన బొరియలో దాచుకున్నదంతా ఊడ్చి పోశాడు. బ్యాంకు తాళం ఉడతల చేతికి పోయింది. వాళ్ళు పంపిన గంగులు జొన్నలు పోలమ్మ గుమ్మం ముందు దిగాయి.

అడవి విడిచి పోతూ జంబన్న గొణిగాడు. "నీ జొన్నలు నీకొచ్చాయిగా, ఇంకా ఆ చూపేమిటి?"

"జొన్నలే వచ్చాయిరా!" అంది పోలమ్మ.

నీతి: మన చావులో లాభం చూసుకునేవాడి చేతికి మన బతుకు అప్పగించకూడదు.