కొంగ కత్తిరించిన కథ

అనగనగా ఒక అడవి. అందులో కథలు చెప్పడం నేర్పే కొంగ ఒకటి ఉండేది. పేరు ధవళయ్య. పిల్లలూ, ఈ కొంగ మాటెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, వినండి.

ఆ అడవిలోనే పోలి అనే కౌజుపిట్ట ఉండేది. వాగు అవతల రేగుపొద కింద వేటగాడు నూకలు చల్లి వల పన్నాడు. పోలి పిల్లలు ముగ్గురూ నూకలకు ఆశపడి వెళ్ళి ఆ వలలో చిక్కారు. మళ్ళీ రాలేదు.

ఇంకే తల్లికీ ఈ గతి పట్టకూడదని, కథల సభలో ఈ సంగతి చెప్పాలనుకుంది పోలి. కానీ ముందు ధవళయ్యకు వినిపించాలి. ఆయన ఒంటికాలి మీద నిలబడి వింటాడు. కాలు మార్చేలోపు కథ అయిపోవాలి. అదీ అక్కడి ఆచారం!

పోలి ఏడుస్తూ చెప్పింది.

"ఆ ఏడుపు తీసెయ్యమ్మా," అన్నాడు ధవళయ్య. "ఏడవాల్సింది వినేవాళ్ళు, నువ్వు కాదు."

పోలి తీసేసింది.

"నూకలూ రేగుపొదా ఎందుకు? కాలు లాగుతోంది. కుదించు."

కుదించింది.

"వల అని విప్పి చెప్పేస్తే ఇంకేం మిగిలింది? వదిలెయ్. వాళ్ళే ఊహించుకుంటారు."

"ఊహించుకోలేకపోతే, గురువుగారూ?"

"అది వాళ్ళ ఖర్మ."

పెద్దాయనకు తెలియదా అనుకుని పోలి తలూపింది. చివరికి సభలో చెప్పిన కథ ఇదీ: "తల్లి గూటికి వచ్చింది. గూట్లో చప్పుడు లేదు." అంతే! సభంతా ఆహా ఓహో అంది.

మర్నాడు పోలి చెల్లెలు చుక్కి గుండెలు బాదుకుంటూ వచ్చింది. దాని పిల్లలిద్దరూ అదే రేగుపొద కింద, అదే వలలో చిక్కుకుపోయారు.

"నిన్న నా కథ విన్నావు కదే!" అంది పోలి.

"విన్నానక్కా. బాగుందని మెచ్చుకున్నాను కూడా. అందులో వల ఉందని ఎక్కడ చెప్పావే?"

పోలికి కోపం వచ్చింది. ముందే రావాల్సిన కోపం. ఎవరినీ అడక్కుండా సభలో బండ ఎక్కింది.

"వాగు అవతల రేగుపొద కింద నూకలున్నాయి. అక్కడే వల ఉంది. నా పిల్లలు ముగ్గురు, నా చెల్లెలి పిల్లలు ఇద్దరు అందులోనే పోయారు. అటు పోకండి!" అని గొంతు చించుకుని ఏడుస్తూ చెప్పింది. చెప్పిందే మూడుసార్లు చెప్పింది.

"ఛీ! ఇదీ ఒక కథేనా?" అన్నాడు ధవళయ్య.

"కాకపోతే పోనీ! నీ పిల్లలు చేపలు తింటారు. నూకలు తినేది మా పిల్లలయ్యా!" అంది పోలి.

ఆ తర్వాత ఆ వలలో ఒక్క పిట్ట కూడా పడలేదు.

నీతి: నీ కథ ఎవరికి అవసరమో వాళ్ళ కోసం చెప్పు. దానితో పనిలేనివాడి మెప్పు కోసం కత్తిరించకు.