పడవ పలక మీద తుఫాను

"మాస్టారూ, తుఫాను సముద్రంలో చీకటిని ఎలా చెక్కాలి?" అని నూకరత్నం అడిగింది.

ఎర్రయ్య మాస్టారు చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసే మనిషి. అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు చేతికి సిరా అంటాలి.

రత్నం ఆత్రానికి కారణం ఉంది. తుఫానులో పోయినవాళ్ల గుర్తుగా మత్స్యకారుల సంఘం హాల్లో ఒక బొమ్మ పెట్టబోతున్నారు. పోయినవాళ్లలో ఆమె తండ్రీ ఉన్నాడు. "వల అల్లే చేతులకు బొమ్మలెక్కడివి? పట్నం ఆర్టిస్టుని పిలుద్దాం" అన్నాడు సంఘం పెద్ద. తానూ వల అల్లినవాడే అన్నాడా మాట! తానే చెక్కుతానని రత్నం పట్టుబడితే చివరికి, సాయంత్రం వచ్చి చూసి తేలుస్తానన్నాడు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆమె తండ్రి పడవ పలకనే మాస్టారు ఆమెకిచ్చారు. ఉప్పునీళ్లు తిని గరుకుదేలిన పలక. పట్నం బొమ్మలా రావాలని రత్నం దాన్ని గరుకు కాగితంతో అద్దంలా తోమింది. అంగుళం వదలకుండా కెరటాలు చెక్కింది. ఈ పనిలో చెక్కిన చోటల్లా తెల్లగా పడుతుంది. అచ్చు తీస్తే నలుపుకు చోటే మిగల్లేదు.

"ఏంటే ఇది? సముద్రమా, ఉతికి ఆరేసిన దుప్పటా?" అన్నారు మాస్టారు.

పలక వెనక్కి తిప్పారు. అటువైపు ఎవరూ ముట్టుకోలేదు. ఉలి పట్టకుండానే సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకభాగంతో రుద్ది, పైకి లాగారు. కారునల్లటి నీళ్లు! ఉప్పునీళ్లు తిన్న చెక్క చారలే పొరలు పొరలుగా లేచాయి. ముడి ఉన్న చోట సుడిగుండం తిరిగింది.

"ఆ రోజు ఒడ్డున నిలబడి ఏం చూశావు?"

"అంతా నలుపే మాస్టారూ. ఒక్క కెరటం తల మాత్రం తెల్లగా విరిగింది. దాని వెనకే నాన్న పడవ..."

"అదే చెక్కు."

ఆమె ఒక్క గీత తీసింది. మళ్లీ సిరా పూసి అచ్చు తీసింది.

సాయంత్రం సంఘం పెద్ద వచ్చాడు. అచ్చు ముందు నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ నీళ్లు ఎవరు చెక్కారు మాస్టారూ?"

"నలుపంతా సముద్రం చెక్కిందే, పెద్దయ్యా. ఆ తెల్లగీత మాత్రం మా పిల్లది."