మిషను కింద గడ్డి

"గవర్రాజూ! ఒరే గవర్రాజూ! మిషనుకి దగ్గొచ్చిందిరా!"

అన్నయ్య సన్నేసిరావు కేకకి గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. అప్పటిదాకా గేటు పట్టుకుని రోడ్డుకవతల మోటార్ల షాపు వైపు చూస్తున్నాడు. అక్కడ మెకానిక్కు గారమ్మాయి పరమేశ్వరి ఎవరిదో పంపుసెట్టు విప్పుతోంది. ఆమె వేళ్ళకంటిన గ్రీజు కూడా అతని కళ్ళకి గోరింటాకులాగే పండి కనిపించేది. ఆ మాట చెప్దామని రెండేళ్ళుగా నోరు తెరుస్తాడు, "ఎండగా ఉంది కదండీ" అని మూసేస్తాడు.

ఇంకేముంది, పరిగెత్తాడు. ఫంక్షన్ హాలు పచ్చిక మధ్యలో గడ్డి కోసే మిషను డుగ్ డుగ్ ఠప్, డుగ్ ఠప్ అంటూ ఎగిరి పడుతోంది. నల్లటి పొగ.

ఆ హాలు వెనక గదిలో అన్నా, వదినా, గవర్రాజూ కాపలా ఉంటారు. "గోడలు ఓనరు గారివి, బుర్ర మనది" అంటాడు సన్నేసిరావు రోజూ అన్నం తిన్నాక. "చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ జిల్లాలో మనం ముగ్గురమే" అంటుంది వదిన పైడమ్మ. ముగ్గురూ తలలూపుకుంటారు.

ఆ పొద్దున ఓనరు కొండలరావు గారు వచ్చి, "ఇవాళ ఇక్కడ రిసెప్షను. నాలుగింటికి నేనొచ్చేసరికి పచ్చిక తీరుగా లేకపోతే గది ఖాళీ చేసి పోండి" అని వెళ్ళిపోయారు. పోతే పైడమ్మ పుట్టింటికే పోవాలి. అక్కడ గుమ్మంలో నిలబడితే ఎదురుగా కొండ కనిపిస్తుంది. కొండ బాగానే ఉంటుంది. కానీ కొండ పరమేశ్వరి కాదు కదా! గవర్రాజు గుండె మిషనుకంటే గట్టిగా కొట్టుకుంది.

రోడ్డు దాటి వెళ్ళి అడిగాడు.

"ఈ పంపుసెట్టు అయ్యేదాకా రాలేను గవర్రాజూ. మిషనుకి గాలి అందట్లేదేమో. ముందు దానికి గాలి అందేలా చూడండి" అంది పరమేశ్వరి.

అంతే! పైడమ్మ విసనకర్ర తెచ్చి విసరడం మొదలెట్టింది. చాలలేదు. సన్నేసిరావు హాల్లోంచి పెద్ద ఫ్యాను లాక్కొచ్చి పెట్టాడు.

"దూరం జరగండెహె! చుట్టూ మూగితే దానికి ఊపిరాడుతుందా?"

"పాపం, ఆయాసపడుతోంది. కాసిన్ని మజ్జిగ పోద్దునా?" అంది పైడమ్మ.

"ఆవిడ మజ్జిగ చెప్పలేదు వదినా. గాలే చెప్పింది."

మిషను డుగ్ ఠప్ అని ఆగిపోయింది. గవర్రాజు మళ్ళీ రోడ్డు దాటాడు. పరమేశ్వరి ప్లగ్గు విప్పి చూడమంది. ముగ్గురూ విప్పి, వరసగా చూశారు. పైడమ్మ అద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

"చూశామండీ."

"ఏమైంది మరి? ఎలా ఉంది?"

"నల్లగా ఉందండీ."

"అదీ సంగతి! నల్లగా ఉంటే ఎలా పనిచేస్తుంది?"

ఇంకేముంది, సున్నం కలిపారు. ప్లగ్గుకి రెండు పూతలు వేశారు. ఆరాక పైడమ్మ కుంకుమ బొట్టు కూడా పెట్టింది. బిగించి తాడు లాగితే మిషను కిక్కురుమనలేదు.

"ఇప్పుడు తెల్లగా ఉందా?" అనడిగింది పరమేశ్వరి, మళ్ళీ రోడ్డు దాటొచ్చిన గవర్రాజుని.

"పెళ్ళికొడుకు పంచెలా ఉందండీ."

"అయితే గడ్డి పేరుకుని బ్లేడు పట్టేసి ఉంటుంది. మిషను కింద గడ్డి మొత్తం తీసెయ్యండి. ఒక్క పరక కూడా ఉంచొద్దు."

అంతే! మిషను పక్కకి జరిపి, దాని కింద పచ్చికని గునపంతో పెళ్ళగించారు. తాడు లాగారు. కదల్లేదు.

"కదలదు మరి! ఇప్పుడు జరిపిన చోట దీని కింద ఇంకా గడ్డి ఉంది కదరా" అన్నాడు సన్నేసిరావు.

"అబ్బ, ఏం బుర్ర!" అంది పైడమ్మ.

అక్కడా తవ్వారు. మళ్ళీ జరిపారు. అక్కడా గడ్డే! ఎక్కడికి జరిపితే అక్కడ గడ్డే! రెండింటికల్లా అరెకరం పచ్చిక ఎర్రమట్టి అయింది. ముగ్గురూ చెమటలు తుడుచుకుని, ఇప్పుడు చూడండి అన్నట్టు నిలబడ్డారు.

అప్పుడు వచ్చింది పరమేశ్వరి, రెంచీ చేత్తో. ఎర్రమట్టి అంతా ఒకసారి కలియజూసింది.  మిషనుని బోర్లా తిప్పి, అడుగున అట్టకట్టిన గడ్డిని చూపించింది.

"నేను చెప్పింది ఈ గడ్డి!"

"మీరు కింద అన్నారండి. ఇది పైన ఉంది కదండీ" అన్నాడు గవర్రాజు.

 పరమేశ్వరి గడ్డి గీకింది, గాలి వడకట్టే స్పాంజి దులిపింది, ప్లగ్గు సున్నం గోకి బ్రష్షుతో రుద్దింది. తాడు ఒక్కసారి లాగితే మిషను తుమ్మెదలా పాడింది. గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి.

"ఇంక కోసేద్దాం!" అన్నాడు సన్నేసిరావు. చుట్టూ చూసి, "ఏటి కొయ్యాలి?" అన్నాడు.

పరమేశ్వరి తల పట్టుకుని, స్టోరు గదిలోంచి ఆకుపచ్చ తివాచీలు తెప్పించి మట్టంతా కప్పించింది. దూరం నుంచి చూస్తే అచ్చం పచ్చికే.

"మీ బుర్రలు వాడకండి. ఓనరు గారు ఏమన్నా 'సరే' అనండి, చాలు."

నాలుగింటికి కొండలరావు గారు కారు దిగారు. గేటు దగ్గర్నుంచే చూసి మురిసిపోయారు. "ఆహా, ఎంత చదునుగా ఉందిరా సన్నేసీ! ఆ చివర మాత్రం కాస్త ఎత్తుగా ఉంది. ఒక్కసారి మిషను తిప్పు."

"సరే" అన్నాడు సన్నేసిరావు.

వద్దని పరమేశ్వరి అరిచేలోపే తాడు లాగాడు. అంత బాగా నడిచే మిషను ఊరుకుంటుందా? బర్రుమని తివాచీ మీదకెక్కింది. ఆకుపచ్చ పీలికలు గాల్లో ఎగిరి ఓనరు గారి తెల్లచొక్కా మీద వాలాయి. తివాచీ చిరిగినచోట ఎర్రమట్టి నవ్వింది.

కొండలరావు గారు చొక్కా మీది పీలికలు దులుపుకున్నారు. "మిమ్మల్ని ఇంకా ఈ గదిలో ఎందుకుంచాలిరా? ఒక్క కారణం చెప్పండి. అబద్ధం వద్దు, నిజమే చెప్పండి!"

సన్నేసిరావు పైడమ్మని చూశాడు. పైడమ్మ గవర్రాజుని చూసింది. నిజమే చెప్పమన్నారు. గవర్రాజు దగ్గర ఉన్న నిజం ఒక్కటే.

"ఖాళీ చేస్తే ఎదురు షాపు కనబడదండి."

"షాపేమిట్రా?"

గవర్రాజు చేతులు కట్టుకున్నాడు. పరమేశ్వరి వైపు చూడకుండా, ఊరంతా వినేంత గట్టిగా అన్నాడు.

"పరమేశ్వరి గారండి! ఆవిడంటే నాకు ప్రాణమండి! రెండేళ్ళయిందండి!"