నెత్తి అందని చిలక

కుంకుమగిరి అని ఓ రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. మరి మాంత్రికుడు లేకుండా కథ నడుస్తుందా పిల్లలూ? ఏడు సముద్రాల అవతల ఓ దీవిలో ధూమ్రజటి అనేవాడున్నాడు. వాడు పొరుగు రాజు కూతురు హేమరేఖను ఎత్తుకుపోయాడు.

వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని అందరికీ తెలుసు. ప్రాణం దాచుకోవడానికి మాంత్రికులకు ఇంకేమీ దొరకదేమో! కానీ వాడి తోట నిండా చిలకలే. "ఒక్కదాన్ని ముట్టుకో. అదే నా ప్రాణమైతే నువ్వు చెప్పినట్టు వింటాను. కాకపోతే రాయివైపోతావు" అనేవాడు, వచ్చినవాళ్లతో.

పెద్ద కొడుకు వెళ్లాడు. ఇంత గొప్పవాడి ప్రాణం గొప్పగానే ఉంటుందనుకుని, అన్నిటికన్నా మెరిసే చిలకను ముట్టుకున్నాడు. రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు. దాచినదాన్ని ఎవరైనా మెరవనిస్తారా అనుకుని, ఈకలు రేగి ముడుచుకు కూర్చున్న చిలకను ముట్టుకున్నాడు. అతనూ రాయైపోయాడు.

మూడోవాడైన మలయసేనుడికి భయం వేసింది. తానూ రాయైపోతే అమ్మానాన్నలకు దిక్కెవరు? అయినా అన్నల కోసం బయల్దేరాడు. దారిలో వలలోంచి విడిపించిన గోరింక ఒకటి అతని భుజమెక్కి తోడొచ్చింది.

తోటలో అతను దేన్నీ ముట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాడు. చిలకలు తోక మొదట్లో ఊరే నూనెను ముక్కుకి రాసుకుని, ఒక్కో ఈకనీ దువ్వుకుంటున్నాయి.

"మెరిసేది ఒంట్లో బావున్న పిట్ట, నాయనా. ముడుచుకున్నదానికి జబ్బు, దువ్వుకునే ఓపిక లేదు. మా బాగోగులన్నీ ఈకల్లోనే తెలిసిపోతాయి. మీ అన్నలు అందం చూశారు గానీ కబురు వినలేదు" అంది గోరింక.

అప్పుడు మలయసేనుడి కన్ను కొమ్మ చివరనున్న ఓ చిలక మీద పడింది. రెక్కలూ రొమ్మూ చక్కగా దువ్వి ఉన్నాయి. నెత్తి మీద మాత్రం కొత్త ఈకలు, దువ్వితే ఊడిపోయే పైపొర వీడక, తెల్లటి ముళ్లలా నిలబడ్డాయి.

"గోరింకమ్మా, అన్నీ దువ్వుకుని తల ఎందుకు వదిలేసింది?"

"ఎవరి ముక్కు వాళ్ల నెత్తికి అందుతుందా బాబూ? అది జోడు పిట్ట చెయ్యాల్సిన పని."

ఇంతలో ఇంకో చిలక పక్కకి వస్తే, ఈ చిలక బెదిరి దూరం జరిగింది. మలయసేనుడికి జాలేసింది. ఇంత గుంపులో ఉండీ ఎవరినీ నమ్మలేని ప్రాణం ఇంకెవరిదవుతుంది?

మెల్లగా దగ్గరికి వెళ్లి వేలు చాపాడు. చిలక చాలాసేపు చూసింది. చూసి చూసి తల వంచింది. అతను వేలు ఆనించాడో లేదో, మంత్రం వీడి రాళ్లు కదిలి అన్నలిద్దరూ లేచి నిలబడ్డారు.

"ఓడిపోయి తల వంచింది తమ్ముడూ! మెడ విరిచెయ్!" అని అరిచారు.

మలయసేనుడి వేళ్లు దాని మెడ మీదే ఉన్నాయి. ఒక్క నొక్కు చాలు.

"ఓడి వంచలేదన్నయ్యా, నమ్మి వంచింది" అన్నాడతను. ముళ్లలాంటి ఆ ఈకల పొరలను గోటితో ఒక్కొక్కటే మెత్తగా వలిచాడు. చిలక కళ్లు మూసుకుంది.

అవతల ధూమ్రజటి దబ్బున కూలబడ్డాడు. అందరూ చచ్చాడనుకున్నారు. వాడు రెండు చేతులతో తల పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "ఇంకొంచెం... కాస్త ఎడమవైపు బాబూ..." అంటున్నాడు.

"ముందు హేమరేఖను విడిచిపెట్టు" అన్నాడు మలయసేనుడు. వాడు మారుమాట లేకుండా తలుపులన్నీ తెరిచేశాడు. చిలకను కూడా నీ ఇష్టమొచ్చిన చోట ఉండమని వదిలేశాడు.

మలయసేనుడికీ హేమరేఖకీ ఘనంగా పెళ్లయింది. ముగ్గురన్నదమ్ములూ కలిసిమెలిసి ఉండగా, ఆ దంపతులిద్దరూ తల నెరిసేదాకా రాజ్యం ఏలారు. ధూమ్రజటి కూడా చాలాకాలం బతికాడు గానీ, మళ్లీ ఎవరికీ కీడు చెయ్యలేదు. ఆ చిలకకి జోడు దొరికింది మరి. వాడు పగలంతా కళ్లు మూసుకుని హాయిగా తూగుతూ ఉండేవాడు.