గీత బయట నిరీక్షణమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పేట. ఎప్పటి పేటంటే, దొరలు ఓడ దిగి మేనాలెక్కి తిరిగే రోజులనాటిది. ఆ పేటలో నిరీక్షణమ్మ పక్కూరి మేడల గోడలకి సున్నం నూరి బతికేది. ఒక గాలివానలో ఆమె మొగుడూ, ఇద్దరు కూతుళ్లూ పోయారు. తాటాకు పాకలు తప్ప దాక్కోడానికి గోడ లేని పేట అది.

అక్కడ రాతి చర్చి కడతామని ఇద్దరు పాదిరి దొరలొచ్చారు. పెద్దదొర కాగితం మీద ఆకాశాన్ని గుచ్చే శిఖరం గీశాడు. చిన్నదొర రంగురంగుల అద్దాల కిటికీలు గీశాడు. ఇక చూడండి, నాది గొప్పంటే నాది గొప్పని ఏడాదంతా కాగితాలే గీశారు. రాయి మీద రాయి పడలేదు.

నిరీక్షణమ్మ పెద్దదొరనడిగింది. "గాలివానొత్తే మా పేటంతా ఇందులో పడతామా దొరగారండీ?"

"శిఖరము ఓడలకు సైతము కనబడును," అన్నాడాయన.

చిన్నదొరనడిగింది. "గాలివానొత్తే మా పేటంతా ఇందులో పడతామా దొరగారండీ?"

"కిటికీలలో దేవదూతలు కనబడుదురు," అన్నాడీయన.

అడిగిందేమిటి, చెప్పిందేమిటి!

మూడోసారి ఎవర్నీ అడగలేదు. ఆదివారం ప్రార్థన అవగానే పేటనంతా ఇసకదిబ్బ మీద దగ్గరదగ్గరగా నిలబెట్టింది. చంటిపిల్లల్ని చంకనెత్తుకోమంది. లేవలేనివాళ్లని మంచాలతోనే మోయించింది. తట్టెడు సున్నం తెచ్చి అందరి చుట్టూ గీత గీసింది.

"ఇంతుంటే చాలండీ," అంది.

అవతలివాడి నమూనా కాకపోతే చాలనుకున్నారో, నిజంగానే సిగ్గుపడ్డారో, దొరలిద్దరూ సరేనన్నారు. మేస్త్రీలు ఆ గీత మీదే గోడ లేపారు. శిఖరం లేదు, అద్దాలు లేవు. వంకరటింకర చర్చి.

మళ్లీ గాలివానొచ్చింది. పేటంతా చర్చిలోకి పరుగెత్తింది. సరిగ్గా సరిపోయింది. నిరీక్షణమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. గీసింది తనే కదా! ఆ రోజు అందర్నీ లోపల పెట్టి, తను గీత బయట ఉండిపోయింది.

"నాకు చోటు లేదర్రా. తలుపేసుకోండి," అంది.

"జరగండి, అమ్మకి చోటివ్వండి!" అని పేటంతా కేకేసింది. జరిగారు, జరిగారు, ఇంకా జరిగారు. చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపు మూశారు. గాలి తగ్గాక చూస్తే ఒక్క పాకా లేదు. మనుషులందరూ ఉన్నారు.

నిరీక్షణమ్మ నిండు నూరేళ్లు బతికి పోయింది. దొరల కాగితాలు చెదలు తినేశాయి. ఇప్పటికీ ఆ చర్చిలో పాట ఎత్తుకునే ముందు, "జరగండి, అమ్మకి చోటివ్వండి," అంటారు. సగం చర్చి ఖాళీగా ఉన్నా సరే, అందరూ కాస్త జరుగుతారు. గుమ్మం పక్కన ఒక మనిషి పట్టేంత చోటు మిగులుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు అక్కడ కూర్చుంటారు.

కథ విన్నారుగా, మీరూ కాస్త జరగండి. వెనకాల ఎవరో నిలబడే ఉన్నారు.